మౌంటెన్ బైకింగ్: నేలను చూసి సైకిల్ కొనడం దగ్గర్నుంచి తొలి పందెం దాకా

మౌంటెన్ బైకింగ్ అనగానే మనవైపు చాలామందికి మోటారు సైకిలే గుర్తుకు వస్తుంది. ఆదివారం తెల్లవారుజామున బైకు వేసుకుని గుట్టలకు వెళ్తున్నానని నేను మొదటిసారి చెప్పినప్పుడు మా మేనమామ పెట్రోలు ఎంత అవుతుందని అడిగాడు. ఈ వ్యాసం తొక్కే సైకిల్ గురించి. తారు రోడ్డు ఆగిపోయి బండ్లబాట, గొర్రెలు నడిచిన కాలిదారి, మొరం, రాతిబండ మొదలయ్యే చోట నడపడానికి తయారైన లావు టైర్ల సైకిల్ అది. ఇరవై ఏళ్లవారూ యాభై ఏళ్లవారూ కూడా మొదలుపెట్టగలిగిన సరదా ఇది. అయితే చాలామంది దీన్ని తలకిందులుగా మొదలుపెడతారు. ముందు సైకిల్ కొనేసి, దాన్ని ఎక్కడ తొక్కాలా అని తరువాత వెతుకుతారు. నా ఉద్దేశంలో ముందు చూడవలసింది నేల, తరువాత టైరు, ఆ తరువాతే సైకిల్.

ఈ క్రీడ పుట్టినదీ ఆ వరుసలోనే. 1970లలో అమెరికాలో, శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఉన్న మారిన్ కౌంటీలో కొందరు యువకులు 1930, 40ల నాటి బరువైన లావు టైర్ల సైకిళ్లను కొండమీదికి చేర్చి మట్టిదారుల్లో దిగేవారు. పెడల్‌ను వెనక్కి తొక్కితే వెనక చక్రం హబ్‌లో పడే బ్రేకే వాటిలో చాలా సైకిళ్లకు ఆధారం. నిటారు వాలులో దాన్ని పట్టీ పట్టీ లోపలి గ్రీజు కాలి పొగైపోయేది. కిందికి చేరాక హబ్ విప్పి మళ్లీ గ్రీజు దట్టించవలసి వచ్చేది. 1976 అక్టోబరు 21న అక్కడ తొలిసారి గడియారం పట్టి నడిపిన పందేనికి ‘రీప్యాక్’ (మళ్లీ దట్టించడం) అనే పేరు రావడానికి కారణం ఆ గ్రీజు పనే. పందేలను నడిపించిన చార్లీ కెల్లీ, ఆ వాలును 4 నిమిషాల 22 సెకన్లలో దిగిన గ్యారీ ఫిషర్, 1977లో ఈ నేల కోసమే ప్రత్యేకంగా ఫ్రేములు కట్టడం మొదలుపెట్టిన జో బ్రీజ్ ఆ బృందంలోని వారే. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ ‘స్టంప్‌జంపర్’ అనే మౌంటెన్ సైకిల్‌ను పెద్ద ఎత్తున తయారుచేసి అమ్మకానికి పెట్టింది. 1990లో కొలరాడోలోని డురాంగోలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది, 1996 అట్లాంటా నుంచి ఈ క్రీడ ఒలింపిక్స్‌లో ఉంది. పాత సైకిల్ ఎక్కడెక్కడ విరిగిందో అక్కడక్కడ కొత్త సైకిల్ బలపడింది. ఏది ఎక్కడ విరగాలో నిర్ణయించింది మాత్రం ఆ కొండే.

మొదటి మెట్టు: మీ నేల ఎలాంటిదో తెలుసుకోవడం

మీ ఇంటినుంచి గంట ప్రయాణంలో ఉన్న మట్టిదారులను ముందు నడిచి చూడండి. తెలుగు ప్రాంతాల్లో ప్రధానంగా నాలుగు రకాల నేల తగులుతుంది. మొరం నేల మీద పైన పరుచుకున్న సన్నరాళ్లు చక్రం కింద గోలీల్లా దొర్లుతాయి. మలుపులో ముందు చక్రం జారేది ఇక్కడే. హైదరాబాదు చుట్టుపక్కల గుట్టల్లోని గ్రానైటు బండ ఎండలో టైరును గట్టిగా పట్టుకుంటుంది, కానీ వానాకాలంలో నాచు పట్టిన చోట సబ్బు రాసినట్టు ఉంటుంది. వాగుల్లోని ఇసుకలో వేగం ఉన్నంతసేపే సైకిల్ నిలబడుతుంది. నాలుగవది నల్లరేగడి. వికారాబాదు దగ్గరి అనంతగిరి మీది ఎర్రనేలలో వాన వెలిసిన గంటకే తొక్కవచ్చు గాని, అక్కడినుంచి తాండూరు వైపు దిగి రేగడి చేలలో అడుగుపెడితే ఆ మట్టి టైరుకు చుట్టుకుని ఫోర్కు (చక్రాన్ని రెండువైపులా పట్టుకునే గొట్టాలు) సందులో ఇరుక్కుపోతుంది, చక్రం తిరగడమే మానేస్తుంది. అటువంటప్పుడు సైకిల్‌ను భుజాన వేసుకోవడం తప్ప మార్గం ఉండదు. పైగా ఎత్తే సైకిల్ మట్టితో కలిసి రెట్టింపు బరువున్నట్టు అనిపిస్తుంది. వాన పడిన తరువాత రెండు మూడు రోజులు రేగడి జోలికి పోకపోవడమే మేలు.

దారి కనిపించినంత మాత్రాన అది మనకు తెరిచి ఉన్నట్టు కాదు. శేషాచలం, నల్లమల, విశాఖ పక్కనున్న కంబాలకొండ వంటివి రక్షిత అడవులు. అటవీ శాఖ అనుమతి లేకుండా వాటిలోకి సైకిల్ తీసుకువెళ్లడం నేరమే కాక ప్రమాదం కూడా. పొలం గట్ల మీద తొక్కవలసి వస్తే ముందు రైతును అడగాలి. ఉపగ్రహ మ్యాపులో దారి గీతగా కనిపిస్తుంది గాని, ఆ గీత చివర కంచె ఉందో, తవ్విన క్వారీ గొయ్యి ఉందో గొర్రెల కాపరిని అడిగితేనే తెలుస్తుంది. కొత్త దారిని మొదటిసారి ఎప్పుడూ ఒంటరిగా తొక్కకండి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మనకు మంచి కాలం; వేసవిలో ఉదయం ఎనిమిదింటికల్లా ఇంటికి చేరేలా బయలుదేరాలి.

అమెరికా, కెనడా వంటి చోట్ల ఉండే తెలుగువారికి ఈ వెతుకులాట తక్కువ. అక్కడ చాలా దారులకు కష్టాన్ని బట్టి గుర్తులు ఉంటాయి: ఆకుపచ్చ వృత్తం తేలిక, నీలి చతురస్రం మధ్యరకం, నల్ల వజ్రం కష్టం. మొదటి కొన్ని నెలలు ఆకుపచ్చ దాటకుండా ఉండటంలో నామోషీ ఏమీ లేదు.

రెండవ మెట్టు: సైకిల్ ఎంపిక

మౌంటెన్ సైకిళ్లు రెండు జాతులు. ముందు ఫోర్కుకు మాత్రమే సస్పెన్షన్ ఉన్నది హార్డ్‌టెయిల్. వెనక కూడా ఉన్నది ఫుల్ సస్పెన్షన్. ఫోర్కు ఎంత దూరం కుంగగలదో దాన్ని షాపు భాషలో ట్రావెల్ అంటారు. ఎక్కుళ్లూ దిగుళ్లూ కలిసిన క్రాస్‌కంట్రీ సైకిల్‌కు అది 100 నుంచి 120 మి.మీ., అంతకంటే కఠినమైన ట్రైల్ సైకిల్‌కు సుమారు 120 నుంచి 150 మి.మీ., కేవలం దిగడానికే చేసిన డౌన్‌హిల్ సైకిల్‌కు 200 మి.మీ. దాకా ఉంటుంది. ఎక్కువ ట్రావెల్ అంటే ఎక్కువ మంచిదని కాదు. మన గుట్టల్లో గంటలో నలభై నిమిషాలు ఎక్కడానికే పోతాయి. ఆ నలభై నిమిషాలూ అనవసరమైన బరువును మోయడం ఎందుకు? తొలి సైకిల్‌గా 100 లేదా 120 మి.మీ. ఫోర్కు ఉన్న హార్డ్‌టెయిల్ తీసుకోమనే నేను అందరికీ చెబుతాను. దాని మీద నేర్చుకున్నవారు వాలులో ఏ రాయి పక్కనుంచి పోవాలో చూసుకోవడం నేర్చుకుంటారు, ఎందుకంటే చూసుకోకపోతే నడుముకు వెంటనే తెలుస్తుంది.

నా మొదటి సైకిల్ కథ ఇక్కడ పనికొస్తుంది. తక్కువ ధరకు ముందూ వెనకా స్ప్రింగులు ఉన్న, మెరిసే స్టిక్కర్ల సైకిల్ ఒకటి కొన్నాను. పెడల్ తొక్కిన ప్రతిసారీ నా బలంలో సగం వెనక స్ప్రింగును నొక్కడానికే పోయేది. మూడో వారం ఒక పాత సైక్లిస్టు దాన్ని పక్కనుంచి చూసి నవ్వి, “తమ్ముడూ, ఫోర్కు వెనక్కి బిగించారు” అన్నాడు. నిజంగానే షాపులో ఫోర్కును తిప్పి బిగించారు. ముందు చక్రం ఉండవలసిన దానికంటే వెనక్కి, నా కాలి వేళ్లకు తగిలేంత దగ్గరగా ఉంది. అప్పటినుంచి కొత్త సైకిల్ ఏది చూసినా ముందు పక్కనుంచి చూస్తాను: ఇరుసు బిగించిన చోటు ఫోర్కు గొట్టాల గీతకంటే కొంచెం ముందుకు ఉండాలి, డిస్క్ బ్రేకు కాలిపర్ (డిస్కును పట్టి ఆపే భాగం) ఎడమవైపు ఫోర్కు వెనక భాగాన ఉండాలి.

షాపులో ఇంకా కొన్ని పరీక్షలు చేయవచ్చు. ముందు బ్రేకు పట్టి హ్యాండిల్‌ను బలంగా కిందికి నొక్కి వదలండి. మంచి ఫోర్కు తనను తాను అదుపు చేసుకుంటూ లేస్తుంది. చవక ఫోర్కు బొమ్మలా టంగున ఎగురుతుంది, రాళ్ల మీద అదే మిమ్మల్ని ఎగరేస్తుంది. వెనక చక్రానికి పాత పద్ధతి ఫ్రీవీల్ (పళ్లచక్రాలూ వాటిని తిప్పే యంత్రాంగమూ ఒకే ముక్కగా హబ్‌కు బిగిసేది) ఉందా, క్యాసెట్ (పళ్లచక్రాల గుత్తి మాత్రమే హబ్ మీదికి ఎక్కేది) ఉందా అడగండి. ఫ్రీవీల్ ఉన్న హబ్‌లో బేరింగుకు బయట ఇరుసు ఎక్కువ పొడవు వేలాడుతుంది గనుక గుంతల్లో అది వంగే అవకాశం ఎక్కువ. బ్రేకులు హైడ్రాలిక్ (ద్రవం ఒత్తిడితో పనిచేసే) డిస్క్ అయితే ఒక్క వేలితో సైకిల్ ఆగుతుంది. కేబుల్‌తో పనిచేసే డిస్క్ కూడా పనికొస్తుంది గాని, పొడవైన వాలులో చేతులు నొప్పి పుడతాయి. ఫోర్కుకూ బ్రేకుకూ మధ్య డబ్బు పంచవలసి వస్తే బ్రేకు వైపు మొగ్గండి. ముందు మూడు పళ్లచక్రాలు ఉన్న పాత ఏర్పాటుకంటే ముందు ఒక్కటే ఉండి వెనక క్యాసెట్‌లో పెద్ద చక్రం ఉన్న ఏర్పాటు మేలు. ముందు 30 లేదా 32 పళ్లు, వెనక పెద్దదానికి 50 చిల్లర పళ్లు ఉంటే మామూలు కాళ్లతో గుట్ట ఎక్కవచ్చు.

చక్రాల కొలత ఇప్పుడు చాలా వరకు 29 అంగుళాలే. రాళ్ల మీదుగా అది తేలికగా దొర్లుతుంది. పొట్టివారికి, చిన్న ఫ్రేములకు 27.5 సరిపోతుంది. ఫ్రేము సైజు మాత్రం కంపెనీని బట్టి మారుతుంది. కాబట్టి మీ ఎత్తు చెప్పి ఆ కంపెనీ పట్టికలో చూపించమనండి, తరువాత ఎక్కి తొక్కి చూడండి. ఫ్రేముకు అటూ ఇటూ పాదాలు ఆనించి నిలబడినప్పుడు పై గొట్టానికీ శరీరానికీ మధ్య కొన్ని అంగుళాలైనా ఖాళీ ఉండాలి. జారి దిగవలసి వచ్చిన రోజున ఆ ఖాళీ విలువ తెలుస్తుంది.

సెకండ్‌హ్యాండ్ కొనేవారు పిల్లల స్కూలు స్కేలు ఒకటి వెంట తీసుకువెళ్లండి. చైన్‌లో ఒక పిన్ను మధ్యన స్కేలు సున్నా పెట్టి చూస్తే కొత్త చైన్‌లో సరిగ్గా 12 అంగుళాల దగ్గర మరో పిన్ను మధ్యభాగం వస్తుంది. అది గీత దాటి అంగుళంలో పదహారో వంతు ముందుకు పోయి ఉంటే చైన్ మార్చాలి. ఎనిమిదో వంతు పోయి ఉంటే చైన్‌తో పాటు క్యాసెట్ కూడా అరిగిపోయినట్టే లెక్క, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగవచ్చు. ఫోర్కు పై గొట్టాల మెరుపులో గీతలు ఉన్నాయా, ఫ్రేము అతుకుల దగ్గర రంగు పగిలిందా అన్నవి కూడా చూడాలి. రంగు పగులు కింద లోహపు పగులు ఉండవచ్చు. అనుమానం వస్తే ఆ సైకిల్ వద్దు.

మూడవ మెట్టు: సైకిల్‌ను మీ ఒంటికి సరిచేసుకోవడం

సీటు ఎత్తుకు తేలిక పద్ధతి ఒకటుంది. గోడ పట్టుకుని సీటు మీద కూర్చుని, పెడల్‌ను అడుక్కి తెచ్చి దాని మీద మడమ పెట్టండి. కాలు నిటారుగా చాపుకుంటే ఎత్తు సరిపోయినట్టే, ఎందుకంటే తొక్కేటప్పుడు పాదం ముందుభాగం పెడల్ మీద ఉంటుంది గనుక మోకాలు కొద్దిగా వంగుతుంది. ఇది ఎక్కడానికి సరైన ఎత్తు. దిగేటప్పుడు సీటు అడ్డం రాకుండా అంగుళాల కొద్దీ దించాలి. హ్యాండిల్ మీది మీటతో సీటును దించే డ్రాపర్ పోస్టు ఉంటే ఆగకుండానే ఆ పని అవుతుంది. కొన్నాళ్ల తరువాత ఏదైనా ఒక్కటి కొనాలనిపిస్తే దాన్ని కొనమంటాను.

స్ప్రింగుకు బదులు గాలితో పనిచేసే ఫోర్కు ఉంటే దాన్ని మీ బరువుకు సరిచేయాలి. ఫోర్కు గొట్టం మీద చిన్న రబ్బరు రింగు ఉంటుంది. లేకపోతే ప్లాస్టిక్ టై ఒకటి వదులుగా చుట్టండి. దాన్ని అడుగుకు జరిపి, హెల్మెట్, నీళ్ల సంచీతో సహా మెల్లగా ఎక్కి, పెడళ్ల మీద నిలబడి, కదలకుండా దిగండి. 100 మి.మీ. ఫోర్కులో రింగు 20 నుంచి 25 మి.మీ. పైకి జరిగి ఉండాలి. ఎక్కువ జరిగితే షాక్ పంపుతో గాలి కొట్టాలి, తక్కువ జరిగితే వదలాలి. తరువాత పైకి లేచే వేగాన్ని అదుపుచేసే ఎర్ర మీటను ఒక్కో గడి తిప్పుతూ, ఫోర్కు ఎగరకుండా, అలాగని కుంగినచోటే ఉండిపోకుండా చూసుకోవాలి.

టైరు గాలి విషయంలో మనవాళ్లకు ఒక పాత అలవాటు ఉంది: బొటనవేలితో నొక్కితే రాయిలా ఉండాలి. తారు రోడ్డు మీద అది సరే. మట్టిదారిలో రాయిలాంటి టైరు ప్రతి గులకరాయి మీదా ఎగురుతుంది, మలుపులో నేలను పట్టుకోదు. 70 కిలోల మనిషికి, 2.3 అంగుళాల వెడల్పు టైరుకు, లోపల ట్యూబు ఉంటే 28 నుంచి 32 పి.ఎస్.ఐ. (పంపు మీటరు చూపే గాలి ఒత్తిడి కొలత), ట్యూబు లేని టైరు అయితే 22 నుంచి 27 దగ్గర మొదలుపెట్టి చూడండి. ముందు చక్రానికి వెనకదానికంటే రెండు తక్కువ. రోడ్డు పక్క పంక్చర్ షాపులో కంప్రెసర్‌తో కొట్టిస్తే ఈ లెక్క నిలవదు. మీటరు ఉన్న నిలువు పంపు ఒకటి ఇంట్లో ఉండాలి.

ఇక ముళ్ల సంగతి. పల్లేరు కాయ ఎటు పడేసినా ఒక ముల్లు పైకే ఉంటుంది. తుమ్మ ముల్లు దానికంటే పొడవు. ఒక్క ఆదివారం నా వెనక ట్యూబులో పదకొండు చిల్లులు లెక్కపెట్టి, అతుకులు అయిపోయి, ఆరు కిలోమీటర్లు నడిపించుకుని వచ్చాను. అమెరికా పడమటి రాష్ట్రాల్లో ఇదే మొక్క ‘గోట్‌హెడ్’ పేరుతో అక్కడి సైకిల్‌వారిని ఏడిపిస్తోందని తెలిసి కొంత ఊరట కలిగింది. దీనికి నిజమైన విరుగుడు ట్యూబు లేని టైరు. రిమ్ము లోపల గాలి పోకుండా టేపు వేసి, టైరులో రబ్బరు పాల వంటి సీలెంట్ పోస్తారు; ముల్లు దిగి చిల్లు పడగానే ఆ ద్రవం వచ్చి గడ్డకట్టి మూసేస్తుంది. మన ఎండలకు ఆ ద్రవం రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది గనుక క్యాలెండరులో తేదీ రాసుకుని మళ్లీ పోయాలి. సైకిల్ కొనేటప్పుడే రిమ్మూ టైరూ ఈ ఏర్పాటుకు పనికొస్తాయా అని అడగడం మరిచిపోవద్దు.

నాలుగవ మెట్టు: ఒంటిమీద, సంచీలో

హెల్మెట్ లేకుండా ఒక్క అడుగు కూడా వద్దు. తల వెనకభాగం బాగా కిందిదాకా కప్పే మౌంటెన్ రకం తీసుకోండి. నుదుటి మీద కనుబొమ్మలకు రెండు వేళ్ల పైన కూర్చోవాలి, గడ్డం పట్టీ కింద ఒకటి రెండు వేళ్లు మాత్రమే దూరాలి. గట్టిగా పడి తల తగిలిన హెల్మెట్‌ను, బయటికి బాగానే కనిపించినా, పారేయాలి. తరువాతి స్థానం పూర్తి వేళ్ల చేతిగ్లౌజులది, ఎందుకంటే పడేటప్పుడు మనిషి మొదట ఆనించేది అరచేతినే. కళ్లకు రంగులేని అద్దాలు, మోకాళ్లకు మెత్తని ప్యాడ్లు, అడుగు చదునుగా ఉండి రబ్బరు పట్టు ఉన్న బూట్లు ఉంటే చాలు. బూటు పెడల్‌కు తగిలించే క్లిప్ పద్ధతి మొదటి ఏడాది వద్దంటాను. మామూలు చదును పెడల్ మీద నేర్చుకున్నవారికి అవసరమైన క్షణంలో కాలు తీసి నేలకు ఆనించే ధైర్యం ఉంటుంది.

సంచీలో ఒక ట్యూబు, టైరు లీవర్లు, చేతిపంపు, మల్టీటూల్, చైన్ తెగితే అతికే లింకు, టైరు చీలికను మూసే రబ్బరు పురులు, కొంచెం కట్టుగుడ్డ, ఒక ఈల ఉండాలి. బ్లడ్ గ్రూపూ ఇంటి ఫోను నంబరూ రాసిన కాగితం ప్లాస్టిక్‌లో చుట్టి పెట్టండి. గంటకు కనీసం అరలీటరు నీళ్లు లెక్క, మన వేసవిలో ఇంకా ఎక్కువ. అందులో ఒక సీసాలో ఓఆర్‌ఎస్ కలిపితే మంచిది. ఊరి కుక్కలు వెంటపడితే వేగం పెంచవద్దు. దిగి, సైకిల్‌ను మీకూ వాటికీ మధ్య ఉంచుకుని నడవండి. తరిమే వస్తువు ఆగిపోగానే వాటికీ ఆసక్తి పోతుంది.

ఐదవ మెట్టు: తొక్కడం మళ్లీ నేర్చుకోవడం

చిన్నప్పుడే సైకిల్ వచ్చు కదా అనే ధీమాతోనే ఎక్కువమంది మొదటి నెలలో పడతారు. మట్టిదారిలో కూర్చుని తొక్కేది ఎక్కేటప్పుడూ చదునులోనూ మాత్రమే. దిగేటప్పుడు, రాళ్ల మీద, లేచి నిలబడాలి. రెండు పెడళ్లూ నేలకు సమాంతరంగా, మోకాళ్లు, మోచేతులు వంచి, నడుము దగ్గర ముందుకు వంగి, బరువంతా పాదాల మీద మోపాలి. చేతుల మీద ఎంత తక్కువ బరువు ఉంటే అంత మంచిది. అరిగిన పాత సలహా ఒకటి ఉంది, వాలులో వీలైనంత వెనక్కి జరగమని. అలా జరిగితే ముందు చక్రం మీద బరువు తగ్గి మలుపు తిరగదు. వాలు ఎంత నిటారుగా ఉందో అంతే వెనక్కి జరగాలి. చూపు ముందు చక్రం మీద ఉండకూడదు. కనీసం రెండు మూడు సెకన్ల తరువాత మీరు చేరబోయే చోటు మీద ఉండాలి. గుంత వైపే చూస్తూ పోతే చక్రం గుంతలోకే పోతుంది.

బ్రేకుల సాధన ఒక సాయంత్రమంతా చేయదగినది. స్కూలు మైదానానికి వెళ్లి ముగ్గుపిండితో అడ్డగీత వేయండి. మనిషి పరుగెత్తే వేగంతో వచ్చి గీత దగ్గర వెనక బ్రేకు మాత్రమే పట్టండి; చక్రం బిగిసి జారుతూ ఎక్కడ ఆగిందో అక్కడ చెప్పు పెట్టండి. రెండోసారి ముందు బ్రేకును మెల్లగా, నిమ్మకాయ పిండినట్టు, పెంచుకుంటూ పట్టండి. ఆగే దూరం బాగా తగ్గుతుంది, ఎందుకంటే ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, పట్టూ అక్కడే ఉంటుంది. మూడోసారి మడమలు కిందికి దించి, ఒంటిని కొద్దిగా వెనక్కి నెట్టి, రెండూ కలిపి పట్టండి. ఇరవై సార్లు ఇలా చేశాక మొరం మీద మళ్లీ చేస్తే ముందు చక్రం ఎక్కడ జారడం మొదలవుతుందో వేలికి తెలుస్తుంది. ప్రతి బ్రేకుకూ ఒక్క చూపుడువేలు చాలు, మిగతా వేళ్లు హ్యాండిల్‌ను పట్టుకుని ఉండాలి.

మలుపులకు నియమం ఒకటే: బ్రేకు పని మలుపుకు ముందే అయిపోవాలి. మలుపులో బ్రేకు పట్టిన టైరుకు ఆపడమా తిప్పడమా అనే రెండు పనులు పడతాయి, మొరం మీద రెండూ చేయలేదు. బయటి పెడల్‌ను కిందికి దించి దాని మీద బరువు పెట్టి, సైకిల్‌ను లోపలికి వంచి, ఒంటిని మాత్రం దానంత వంచకుండా ఉంచాలి. తల తిప్పి మలుపు చివరను చూస్తే భుజాలు, వాటితో పాటు సైకిల్, తిరుగుతాయి.

ఎక్కేటప్పుడు గేరు మార్చవలసింది వాలు మొదలుకాకముందే. బలంగా తొక్కుతూ మారిస్తే చైన్ తెగవచ్చు. నిటారు చోట సీటు ముక్కు మీదికి జరిగి, ఛాతీని హ్యాండిల్ వైపు దించాలి. వెనక్కి కూర్చుంటే ముందు చక్రం లేస్తుంది, పూర్తిగా నిలబడితే వెనక చక్రం మొరంలో గిర్రున తిరుగుతుంది. ఈ రెండింటి మధ్య బెత్తెడు చోటు వెతుక్కోవడమే ఎక్కడంలోని నైపుణ్యం. ముందు చక్రాన్ని ఎత్తి రాయి మీద పెట్టడం, రెండు చక్రాలూ ఎగరేయడం వంటివి ఇంటి ముందు ఇటుక పెట్టి నేర్చుకోవచ్చు. దారిలో పైకి ఎక్కేవారికి దిగేవారు దారి ఇవ్వాలి. పశువులు ఎదురైతే ఎవరైనా ఆగాలి.

ఆరవ మెట్టు: శుభ్రతా, మరమ్మతూ

రైడ్ అయ్యాక బకెట్ నీళ్లూ బ్రష్షూ చాలు. వాటర్ సర్వీసింగ్ షాపు పైపుతో కొట్టిస్తే ఆ ఒత్తిడికి బేరింగుల్లోకి నీళ్లు పోతాయి. చైన్ తుడిచి, ఒక్కో లింకుకు ఒక్కో చుక్క దుమ్ముకు పనికొచ్చే పల్చని నూనె వేసి, పైన ఉన్నదంతా తుడిచేయాలి. కొబ్బరినూనె, మోటారు సైకిల్ ఇంజను ఆయిల్ మొరం దుమ్మును పట్టుకుని సానరాయిలా పళ్లను అరగదీస్తాయి. డిస్క్ మీద నూనె చుక్క పడితే బ్రేకు పట్టు పోయి కీచుమంటుంది. నెలకోసారి బోల్టులన్నీ చూసుకోవాలి.

ఏడవ మెట్టు: పందెం

ఒక ఏడాది తొక్కాక గడియారం మీద మనసు పోవడం సహజం. పందేలు అనేక రకాలు. ఒలింపిక్స్‌లో ఉన్నది క్రాస్‌కంట్రీ: నాలుగు నుంచి ఆరు కిలోమీటర్ల చుట్టును పలుమార్లు తిరుగుతారు, పెద్ద పోటీల్లో గెలిచేవారికి గంటా ఇరవై నుంచి గంటా నలభై నిమిషాలు పడుతుంది. మారథాన్‌లో దూరం 60 నుంచి 160 కి.మీ. డౌన్‌హిల్‌లో ఒక్కొక్కరే కొండ దిగుతారు, కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది. ఎండ్యూరోలో దిగే భాగాలకే గడియారం, ఎక్కే భాగాలకు కాదు. కేరళలో తిరువనంతపురం దగ్గరి పొన్ముడి కొండల్లో 2023 అక్టోబరులో ఆసియా ఛాంపియన్‌షిప్ జరిగింది. సైక్లింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా జాతీయ పోటీలు నడుపుతుంది, హిమాచల్‌లో రోజుల తరబడి సాగే పందేలు ఉన్నాయి. తొలిసారికి మాత్రం దగ్గరలో జరిగే చిన్న క్రాస్‌కంట్రీ పందెం చాలు. అందులోనూ మీ వయసు విభాగంలో, తక్కువ చుట్లు ఉన్నదానిలో పేరు ఇవ్వండి.

పన్నెండు వారాలు వ్యవధి పెట్టుకోండి. వారానికి మూడు రైడ్లు: ఒకటి మాట్లాడుతూ తొక్కగలిగినంత నెమ్మదిగా, పొడవుగా, ఒకటి గుట్ట మీద నాలుగు నిమిషాలు గట్టిగా ఎక్కి నాలుగు నిమిషాలు విశ్రాంతి, ఇలా నాలుగు సార్లు, ఒకటి కేవలం బ్రేకులూ మలుపులూ. చివరి వారం దూరం సగానికి తగ్గించి నిద్ర పెంచండి. పందెం రోజున కొత్త టైరు, కొత్త బూటు, కొత్త తిండి ఏదీ వద్దు. రెండు మూడు గంటల ముందు ఇడ్లీ తిని, పందెంలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందేలా ఖర్జూరాలో అరటిపండో దగ్గర ఉంచుకోండి.

ముందురోజు చుట్టు మొత్తం నడిచి, తొక్కి చూడాలి. ఎక్కడ దారి ఒక్క సైకిల్ వెడల్పుకు కుంచించుకుపోతుందో గుర్తుపెట్టుకోండి. మొదటి ఐదు నిమిషాలు అందరూ ఎగబడేది ఆ ఇరుకు ముందు చోటు కోసమే. కొత్తవారు ఆ ఎగబాటులో దిగకుండా వెనకనే ఉండి తమ ఊపిరి తాము చూసుకోవడం మంచిది. దాటదలచినప్పుడు ఏ వైపునుంచి వస్తున్నారో గట్టిగా చెప్పండి. పెద్ద పోటీల్లో ముందున్న మనిషి మొదటి చుట్టు సమయంలో 80 శాతం కంటే ఎక్కువ వెనకబడినవారిని ఆపేస్తారు. ఆపినా మీరు తిరిగిన చుట్లు ఫలితాల్లో రాస్తారు గనుక సిగ్గుపడవలసినది లేదు.

బయటివారి సాయం కేటాయించిన జోన్‌లోనే తీసుకోవాలి, మిగతా దారిలో మరమ్మతు మీరే చేసుకోవాలి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఎలాంకూర్ గుట్ట మీద బ్రిటన్‌కు చెందిన టామ్ పిడ్‌కాక్ ముందు టైరు పంక్చరై, ఆ జోన్‌లో చక్రం మార్చుకుని, అరనిమిషానికి పైగా వెనకబడి, మళ్లీ అందరినీ దాటి స్వర్ణం గెలిచాడు. మన చిన్న పందేల్లో చక్రం అందించే జట్టు ఉండదు గనుక ట్యూబు మార్చడం ఇంట్లో కళ్లు మూసుకుని కూడా రావాలి.

పందెం ముగిశాక సైకిల్‌ను కారు ఎక్కించకముందే నీడలో కూర్చుని చక్రాన్ని మెల్లగా తిప్పుతూ పల్లేరు ముళ్లు వెతకండి. ట్యూబు ఉన్న టైరులో ఉంటే ఇంటికి చేరేదాకా ముల్లు పీకకండి, అదే చిల్లును కొంతసేపు మూసి ఉంచుతుంది. సీలెంట్ ఉన్న టైరులో అయితే పటకారుతో ఒక్కొక్కటీ పీకి, ఆ చిల్లు కిందికి వచ్చేలా చక్రం తిప్పి, తెల్లటి నురగ ఆగేదాకా అక్కడే ఉంచండి.